నేను మార్చి రాసిన జవాబులు

తొమ్మిదేళ్లుగా ఒక నోటుపుస్తకం నా గుండె మీద బరువై కూర్చుంది. ఆ పుస్తకం నా దగ్గర లేదు. అందులోని అక్షరాలు మాత్రం నావి. ఈ సంగతి నా భర్తకు చెప్పలేదు. ఆదివారం చర్చిలో కళ్లు మూసుకున్నప్పుడు దేవుడికి కూడా విడమరిచి చెప్పలేదు. 'నా తప్పులు మన్నించు' అని అన్నిటినీ ఒక్క మూటలో కట్టి దాటవేశాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

మాది తోటపల్లి గూడూరు దగ్గర ఒక పల్లె. డిగ్రీ అయిన ఏడాది నేను రొయ్యల షెడ్డులో పనికి వెళ్లేదాన్ని. ఐసులోంచి తీసిన రొయ్యల తలలు విరిచీ విరిచీ సాయంత్రానికి వేళ్లు నావి కానట్టు ఉండేవి. మా వీధిలోనే షమీమ్ ఉండేది. నాకంటే రెండేళ్లు పెద్ద. వాళ్ల నాన్న టైలరు. ఆమె ఇంట్లో కూర్చుని జాకెట్లకు హుక్కులు కుట్టేది. తడ దగ్గర ఒక కంపెనీ ఆఫీసులోకి అమ్మాయిలను తీసుకుంటున్నారని తెలిసి ఇద్దరం దరఖాస్తు పెట్టాం. ఇంగ్లిషులో పరీక్ష. యాభై ప్రశ్నలు, ఒక్కో ప్రశ్నకు నాలుగు జవాబులు, సరైనది గుర్తుపెట్టాలి. ఇద్దరిదీ తెలుగు మీడియమే. ఇద్దరికీ అదే భయం.

నా ఫోనులో ఒక గ్రామర్ క్విజ్ యాప్ ఉండేది. రోజుకు ఇరవై ప్రశ్నలు వచ్చేవి. సరైన జవాబు నొక్కితే ఆకుపచ్చ, తప్పయితే ఎరుపు. షమీమ్ వాళ్లింట్లో ఉన్న ఒక్క ఫోనూ వాళ్ల నాన్నతో షాపుకు వెళ్లిపోయేది. అందుకని నేనే ప్రశ్నలన్నీ ఒక నోటుపుస్తకంలో ఎక్కించి, జవాబులు వెనక పేజీలో వేసి ఇచ్చేదాన్ని. ఎంత ఇష్టంగా చేశానో! అది నిజం. మొదట్లో నాకు ఏ దురుద్దేశమూ లేదు. ఈ మాట మీరు నమ్మాలని ఎందుకు ఇంత ఆరాటపడుతున్నాను?

షమీమ్ నాకంటే తెలివైనది. నేను నాలుగుసార్లు చదివినా నిలవనిది ఆమెకు హుక్కు కుడుతూ ఒకసారి చూస్తే వచ్చేసేది. ఇరవైకి నాకు పదమూడు వస్తే ఆమెకు పద్దెనిమిది. వచ్చిన ప్రతిసారీ నా వీపు మీద ఒక దెబ్బ వేసి, "నీ పుణ్యమే మే" అనేది. 'మే' అన్నది మా వైపు ఆడవాళ్ల చనువు పిలుపు. ఆ మాట వింటే నాకు సంతోషం కలిగేది. తరువాత తరువాత కలగడం మానేసింది. మా వైపు ఊళ్ల నుంచి ఒక్కరినే తీసుకుంటారని షెడ్డులో ఎవరో అన్నారు. నిజమో కాదో కనుక్కోలేదు. ఆ రోజు నుంచి రొయ్య తల విరిచిన ప్రతిసారీ నాకు షమీమ్ మార్కులే గుర్తొచ్చేవి.

మొదటి తప్పు పొరపాటున జరిగింది. 'వన్ ఆఫ్ ది గర్ల్స్' తరువాత 'ఈజ్' రావాలి. హడావిడిలో 'ఆర్' ఉన్న జవాబు అంకె వేశాను. మర్నాడు షమీమ్ పుస్తకం పట్టుకుని వచ్చింది.

"ఏంది మే, ఇది 'ఈజ్' కాదా? నేను 'ఈజ్' అనుకున్నానే."

ఫోను తీసి చూశాను. 'ఈజ్' మీద ఆకుపచ్చ ఉంది. స్క్రీను నా వైపు తిప్పుకున్నాను.

"'ఆర్' అనే ఉందక్కా."

"సరిగ్గా చూసినావా?"

"చూసినా. గర్ల్స్ అంటే శానా మంది గదా. అందుకని 'ఆర్' పెట్టాలంట."

"అట్నా! మంచిదైంది, నిన్ను అడిగినా. లేకుంటే పరీక్షలో తప్పు పెట్టుందును."

అంతే. అంత తేలిక. ఆమె తనకు తెలిసినదాన్ని కొట్టేసి, నేను చెప్పినదాన్ని రాసుకుంది. ఆ క్షణంలో నాకు భయం వేసింది. భయంతో పాటు ఇంకొకటి కూడా కలిగింది, దానికి పేరు పెట్టడానికి ఇన్నేళ్లూ తప్పించుకు తిరిగాను. ఊరట. అది ఊరటే.

ఆ తరువాత పొరపాట్లు లేవు. కావాలనే మార్చాను. రోజుకు ఒకటి, ఒక్కోరోజు రెండు. అన్నీ మారిస్తే అనుమానం వస్తుందని లెక్కగా మార్చాను. 'సీనియర్ టు మి' అనేదాన్ని 'సీనియర్ దేన్ మి' చేసి, 'కంటే' అనే అర్థం వస్తే 'దేన్' పెట్టాలని పక్కన ఒక రూలు కూడా కల్పించి రాశాను. తప్పు జవాబు ఇవ్వడం ఒక పాపమైతే, దానికి రూలు తయారు చేయడం ఏమవుతుంది? నా జీవితంలో నేను అంత శ్రద్ధగా గ్రామర్ చదివింది ఆ మూడు వారాల్లోనే. తప్పు నమ్మేలా ఉండాలంటే ఒప్పు బాగా తెలియాలి కదా.

పరీక్ష రాసి వస్తూ బస్సులో షమీమ్ నా చేయి పట్టుకుంది. "మన పుస్తకంలోవి ఎనిమిది వచ్చినాయి మే! కళ్లు మూసుకోని పెట్టేసినా" అంది. అందులో ఎన్ని నేను మార్చినవో నాకు తెలుసు. కిటికీ వైపు తిరిగి, కళ్లలో దుమ్ము పడిందన్నాను.

నాకు ఉద్యోగం వచ్చింది. ఆమెకు రాలేదు. ఆ జవాబుల వల్లేనా? వేరే వాటి వల్ల పోయిందేమో? ఈ ప్రశ్నను పట్టుకుని ఎన్నో ఏళ్లు వేలాడాను. ఆమె మార్కులు ఎన్నో నాకు తెలియవు, ఎప్పటికీ తెలియవు. కానీ తెలియకపోవడం వల్ల నేను చేసిన పని చేయనిది అయిపోదు.

షమీమ్ పెళ్లి చేసుకుని కొడవలూరు వెళ్లింది. ఫోన్లు తగ్గాయి, అంటే నేనే తగ్గించాను. పోయిన నెల అటువైపు పనిపడి వెళ్లినప్పుడు తప్పించుకోలేక వాళ్లింటికి వెళ్లాను. గుమ్మం దగ్గర చెప్పులు విడుస్తుంటే లోపల పిల్లల గొంతులు. పది పన్నెండు మంది కలిసి పాటలా వల్లిస్తున్నారు. 'హి ఈజ్ సీనియర్ దేన్ మి.'

రెండో చెప్పు విడవకుండా మళ్లీ విన్నాను.

షమీమ్ సాయంత్రాలు ట్యూషన్ చెబుతోంది. ఏళ్లుగా చెబుతోందట. గోడకు చిన్న నల్లబోర్డు, దాని కింద అట్ట ఊడిపోయిన నా నోటుపుస్తకం. నన్ను చూసి ఆమె ముఖం వెలిగిపోయింది. "లేచి నమస్తే చెప్పండి. నాకు గ్రామర్ నేర్పింది ఈ అక్కే" అంది పిల్లలతో. వాళ్లు లేచి నిలబడ్డారు.

అప్పుడైనా నిజం చెప్పాలి. చెప్పానా? "అక్కా, ఆ దేన్ తప్పు, టు రావాల. ఆ యాప్‌లోనే తప్పులుండినాయి, నాకు తర్వాత తెలిసింది" అన్నాను. తొమ్మిదేళ్ల తరువాత కూడా నా నోట అబద్ధమే వచ్చింది. నేరం ఫోను మీద వేశాను.

షమీమ్ గుడ్డ అందుకుంది. బోర్డు తుడిచింది. పిల్లల వైపు తిరిగి, "నేను మీకు తప్పు చెప్పినా. నాదే పొరపాటు. కొట్టేసి సరిగ్గా రాసుకోండి" అంది. పన్నెండు మంది చిన్నపిల్లల ముందు. తాను చేయని తప్పుకు! నేను టీ సగం తాగి, పని ఉందని లేచి వచ్చేశాను.

ఆ తరువాత రెండు వారాలు అన్నం సహించలేదు. ఇంకెన్ని తప్పులు ఆ పిల్లల నోళ్లలో ఉన్నాయి? పెద్ద క్లాసులకు వెళ్లిపోయినవాళ్లు ఏ పరీక్షలో ఏమి పెట్టి వచ్చారు? పోయిన గురువారం మధ్యాహ్నం ఆఫీసు మెట్ల మీద కూర్చుని ఫోను చేశాను. యాప్ తప్పు కాదన్నాను. నేనే మార్చానన్నాను. ఎందుకో కూడా చెప్పాను.

ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను.

"ఎన్ని?" అంది.

"ముప్పై దాకా ఉంటాయక్కా."

"ఏవేవో చెప్పు. రాసుకుంటా."

గుర్తున్నవన్నీ ఒక్కొక్కటే చెప్పాను. ఆమె ఒక్కొక్కటే రాసుకుంది. కలం శబ్దం వినిపిస్తోంది. ఇరవై ఆరు అయ్యాయి. మిగిలినవి గుర్తు రాలేదు.

"గుర్తొస్తే మెసేజ్ పెట్టు. పిల్లోళ్లకు చెప్పాల" అని పెట్టేసింది. ఈసారి 'మే' అనలేదు. నేను క్షమించమని అడగలేదు. అడిగితే ఆమె మీద ఇంకో పని మోపినట్టవుతుందనిపించింది.

నిన్న ఒకటి గుర్తొచ్చింది. 'డిస్కస్' తరువాత 'అబౌట్' రాదు, వస్తుందని రాశాను. టైపు చేసి, కింద 'ఇది కూడా నేనే మార్చానక్కా' అని పెట్టి పంపాను. చదివినట్టు రెండు నీలం గీతలు పడ్డాయి. ఫోను ఒళ్లో పెట్టుకున్నాను. ముప్పైలో ఇంకా మూడు ఉన్నాయి. గుర్తు చేసుకుంటున్నాను.