వదిన చెయ్యి, అవ్వ అనుమానం

చిత్తూరులో మేం పెరిగే కాలంలో ఏ వస్తువు పాడైనా దాని వెనక ఒక మనిషి ఉండి తీరాలి. గేదె పాలు తగ్గితే ఎదురింటామె చూపు, వడియాలు సరిగ్గా ఎండకపోతే పెట్టినామె మనసు, దోసె పెనానికి అంటుకుంటే ఆ పొద్దు మొదట గడప తొక్కినవాళ్ళ కాలు. వస్తువుకు తనంతట తాను చెడిపోయే స్వాతంత్ర్యం లేదు. (దేశానికే ఇంకా రాలేదు కాబట్టి వస్తువుల సంగతి ఎవరూ పట్టించుకోలేదు.) ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది కానీ, ఆ వెనకున్న మనిషి మనకు కావలసిన మనిషైతే అప్పుడు నవ్వు రాదు. నాకు రాలేదు.

మా ఇంట్లో ఇలాంటి తీర్పులు చెప్పే అధికారం అవ్వది. అవ్వ అంటే మా నాయనను కన్నతల్లి. నాకు ఊహ తెలియకముందే అమ్మ పోవడంతో, ఇల్లూ నేనూ గేదే అందరం అవ్వ చేతికిందే పెరిగాం. నాయన కచేరీలో గుమాస్తా. అక్కడ జడ్జీ దొర ముందు ఎట్లా నిలబడేవాడో ఇంట్లో అవ్వ ముందూ అట్లాగే నిలబడేవాడు. మా అన్నకు మద్రాసులో ఉద్యోగం. యుద్ధం రోజులు, మద్రాసు మీద బాంబులు పడతాయని జనం మూటాముల్లే సర్దుకుని ఊళ్ళు పట్టిపోతున్నారు. అన్న కూడా కొత్తగా కాపురానికి తీసుకుపోయిన వదినను తెచ్చి మా దగ్గర వదిలి వెళ్ళాడు. వదినది సత్యవేడు వైపు. మాటలో అరవం కలిసేది, నవ్వితే ఇల్లు కళకళలాడేది. నాకు తల దువ్వి, పూలు పెట్టి, రాజుల కథలు చెప్పేది. అక్కచెల్లెళ్ళు లేక పెరిగిన నాకు ఆమె వచ్చాక బడి వదిలితే ఇంటికి పరుగెత్తుకొచ్చే కారణం ఒకటి దొరికింది.

కోడలు వచ్చింది కదా అని అవ్వ పాలు తోడువేసే పని ఆమెకు అప్పజెప్పింది. కార్తీకం దాటి చలి ముదిరిన రోజులు. తెల్లవారి మూత తీస్తే పాలు పాలుగానే ఉన్నాయి. ఒకనాడైతే సరే, మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. అవ్వ పని వెనక్కి తీసుకుంది, పెరుగు గడ్డలా తోడుకుంది. మళ్ళీ వదినకిచ్చింది, మళ్ళీ నీళ్ళు. ఇంక అవ్వకు సాక్ష్యాలతో పనిలేదు. "సూసినావా? పాలకు కూడా తెలుస్తాది ఎవురి సెయ్యో. ఈ పిల్ల సెయ్యి మంచిది కాదు. ఇంకమీదట పాల జోలికి రావద్దను" అని గేదెకు వినపడేట్టు చెప్పింది. నాయన మజ్జిగలాంటి ఆ ద్రవంతో అన్నం కలుపుకుంటూ తలవంచుకున్నాడు. వదిన ఆ రోజు నాకు జడ వేస్తూ ఉన్నట్టుండి ఆగిపోయింది. "అమ్మణ్ణీ, మా నాయనకి కబురంపినా. నెల కడాకు వస్తాడు, నేను పోతాను. పాలకే గిట్టని చెయ్యి మనుషులకేం గిట్టుతాది?" అంది. నా జడ సగంలోనే ఉంది. నాకు ఏడుపొచ్చింది, జడకోసం మాత్రం కాదు.

అప్పట్లో నేను ఆడపిల్లల బడిలో పెద్ద క్లాసు. మాకు సైన్సు చెప్పే టీచరమ్మ తెల్లచీర కట్టుకుని, చేతిలో గాజు గొట్టం పట్టుకుని నిలబడితే నాకు దేవతలా కనిపించేది. ఏదైనా నిజమో కాదో తేల్చాలంటే వాదించకూడదు, చేసి చూడాలని ఆమె నేర్పింది. సరే, నేనూ చేసి చూస్తాను, అవ్వ నోరు మూయిస్తాను అనుకున్నాను. (ఆ వయసులో సైన్సు ఎందుకుందని అడిగితే, అవ్వల నోరు మూయించడానికని రాసేదాన్ని.) ఒకే గేదె పాలు రెండు గిన్నెల్లో సమానంగా పోశాను. ఒకదాంట్లో అవ్వ తోడు వేసింది, రెండోదాంట్లో వదిన. గిన్నెలో దోషం ఉందేమోనని తెలివిగా అవ్వ గిన్నె వదినకు, వదిన గిన్నె అవ్వకు ఇచ్చాను. పొద్దున లేచి మొహం కడుక్కోకుండా వంటింట్లోకి పరుగెత్తాను. అవ్వ వేసింది కత్తితో కోసేట్టుంది. వదిన వేసింది గిన్నె ఊపితే అలలు వస్తున్నాయి.

అంతవరకూ అది అవ్వ మాట మాత్రమే. ఇప్పుడు దానికి సైన్సును తోడు తెచ్చి ఇచ్చిన ఘనురాలిని నేను. అవ్వ పొద్దెక్కేలోపల వీధి వీధంతా చెప్పి వచ్చింది. "మా అమ్మణ్ణి సైన్సులో కూడా తేలిపోయినాది మే! సదువుకున్న పిల్ల, అదేమన్నా అబద్ధం సెప్తాదా?" నా చదువును అవ్వ మెచ్చుకోవడం అదే మొదలు. వదిన ఎప్పటిలాగే నాకు అన్నం పెట్టి తను లోపలికి వెళ్ళిపోయింది. తిట్టి ఉంటే బాగుండునని ఇప్పటికీ అనిపిస్తుంది.

బడిలో టీచరమ్మ దగ్గర భోరుమన్నాను. ఆమె నా కళ్ళు తుడిచి కథంతా విని, నవ్వకుండా ఉండటానికి కాస్త కష్టపడింది. "నీ ప్రయోగం అబద్ధం చెప్పలేదమ్మా, సగం చెప్పింది. చెయ్యి మారింది, బాగుంది. చెయ్యి తప్ప ఇంకేమీ మారలేదని నీకెట్లా తెలుసు? ఒకరు కనిపెట్టినదాన్ని ఇంకొకరు అనుమానిస్తారు. మళ్ళీ చేస్తారు. చేసేటప్పుడు ఒక్కటి మార్చి మిగతావన్నీ ఉన్నట్టే ఉంచుతారు. అప్పుడొచ్చిన జవాబులోంచి ఇంకో ప్రశ్న పుడుతుంది. నిన్నటి పెరుగుతో ఇవాళ్టి పాలు తోడువేస్తారు చూడు, అట్లాగే సాగుతుంది సైన్సు. ఒక్కసారి చేసి ఏడుస్తూ కూర్చుంటే ఎట్లా? ఇంటికిపోయి కళ్ళు తెరిచి చూడు" అంది.

ఇంటికి వచ్చి వంటింటి మధ్యలో నిలబడి కళ్ళు తెరిచి చూశాను. అవ్వ తోడు వేసిన గిన్నె ఏదైనా పొయ్యి పైనున్న గూట్లో పెడుతుంది. నిప్పులార్పినా ఆ గూడు గోరువెచ్చగా ఉంటుంది, మా పిల్లి చలికాలమంతా ఆశగా అటే చూసేది. వదిన తోడు వేసిన గిన్నె నీళ్ళ కుండల పక్కన తడి ఇసుకమీద ఉంటుంది. ఎందుకంటే, కొత్త కోడలు ఏడాది తిరిగేదాకా ఉప్పుకుండ ఉన్న గూట్లో చెయ్యి పెట్టకూడదని అవ్వ శాసనం. రోజూ కళ్ళముందే ఉన్నది నాకు ఆ రోజు కనిపించింది. ఎగిరి గంతేసి, రెండు గిన్నెలూ గూట్లోనే పెట్టాలని అవ్వను అడిగాను. "ఏడాది తిరక్కుండా ఎట్లా పెడతాది?" అంది. "వదిన పెట్టదు, నేను పెడతాను" అన్నాను. చట్టంలో ఈ సందు ఉందని అవ్వకు తట్టలేదు, ఒప్పుకుంది. ఏది ఎవరిదో తెలియాలి కదా, అవ్వ గిన్నెకు పసుపు, వదిన గిన్నెకు కుంకుమ చుక్క పెట్టాను.

పొద్దున రెండూ తోడుకున్నాయి. నేను చప్పట్లు కొట్టాను. అవ్వ రెండు గిన్నెలనూ తిప్పి తిప్పి చూసి, "కుంకుమ పెడితివి కదే. బొట్టు పెట్టినాక రాయి కూడా తోడుకుంటాది" అని తేల్చేసింది. మర్నాడు కుంకుమ మానేసి బొగ్గుతో గుర్తు పెట్టాను. మళ్ళీ రెండూ తోడుకున్నాయి. "అద్దీ! దిష్టిసుక్క పెట్టినావు, పాలకు తగిలిన దిష్టి పోయినాది" అంది. ఆ తర్వాత దారం కట్టాను. తాయెత్తు అంది. మా ఇంట్లో ఉత్త గుర్తుగా మాత్రమే ఉండగలిగిన వస్తువు ఒక్కటీ లేదని నాకు అప్పుడు తెలిసొచ్చింది. విసిగిపోయి ఏ గుర్తూ లేకుండా పెట్టాను, అప్పుడూ రెండూ తోడుకున్నాయి. అవ్వ ఆలోచించి, "గూట్లో ఉప్పుకుండ ఉండాది. ఉప్పంటే లచ్చిమి. లచ్చిమి పక్కన కూసుంటే ఏది తోడుకోదు?" అంది. నాయన మాత్రం ఈ ప్రయోగాల పుణ్యమా అని గడ్డపెరుగు తింటూ, "కానీ అమ్మణ్ణీ, ఇంకా సేయి, ఆపొద్దు" అని నన్ను ప్రోత్సహిస్తూ ఉన్నాడు.

నాకు లోపల దిగులు. నెలాఖరు దగ్గర పడుతోంది, వదిన ట్రంకుపెట్టెలో బట్టలు మడతలు పెట్టుకోవడం మొదలుపెట్టింది. ఎన్ని చేసినా అవ్వ నమ్మడం లేదు. చివరకు దారి చూపింది అవ్వ పౌరుషమే. "నీ గూడూ వద్దు, గీడూ వద్దు. నా గిన్నె కూడా ఆ నీళ్ళ కుండల కాడే పెట్టు. నా సెయ్యి యాడ పెట్టినా తోడుకుంటాది. అప్పుడు ఒప్పుకుంటావా?" అని సవాలు విసిరింది. నేను అడగడానికి భయపడిన ప్రయోగాన్ని ఆమే అడిగింది. అవ్వే తోడు వేసి, అవ్వే తడి ఇసుకమీద పెట్టి, దేవుడికి దణ్ణం కూడా పెట్టుకుంది.

తెల్లవారి మూత తీసింది. పాలు. అవ్వ వేలు ముంచి చూసింది, వంచి చూసింది. తర్వాత తన అరచెయ్యి దీపం దగ్గర పెట్టుకుని చూసుకుంటూ కూర్చుంది. నేను గెంతులు వేయడానికి సిద్ధంగా ఉన్నదాన్ని ఆ మొహం చూసి ఆగిపోయాను. "నా సెయ్యి కూడా సెడిపోయిందా మే?" అంది, చిన్నపిల్లలాగా. ఇన్నాళ్ళూ ఆ మాట వదినను ఎంత కోసి ఉంటుందో అవ్వకు ఆ క్షణంలో తెలిసి ఉండాలి. వదిన వచ్చి పక్కన కూర్చుని ఆ చెయ్యి పట్టుకుంది. "మీ చెయ్యి కాదవ్వా, చలి. మనకు వేసినట్టే పాలకూ వేస్తాది కదా" అంది. అవ్వ "పాలకు సలా?" అని గొణిగి, లేచి తన పాత కంబళి తీసింది. "సూద్దాం" అంది.

ఆ "సూద్దాం"తో మా ఇల్లు ప్రయోగశాల అయిపోయింది. కంబళి చుట్టి నీళ్ళ కుండల కాడ పెట్టింది, తోడుకుంది. కంబళి వల్లనా, తన కంబళి కావడం వల్లనా అని అనుమానమొచ్చి నాయన పంచె చుట్టింది. అదీ తోడుకుంది, కాస్త పలచగా. అయితే మందం లెక్కన్నమాట అని, వడ్ల గాదెలో పూడ్చింది, గడ్డివాములో దాచింది (అది పిల్లికి దొరికింది), ఎదురింటామె చూపు మీద అనుమానం ఉండి ఆమె చేతనే తోడు వేయించింది. అది కూడా తోడుకునేసరికి వాళ్ళిద్దరికీ ఏళ్ళ తర్వాత మాటలు కలిశాయి. ఆ ఒక్క రాత్రి తప్ప రోజూ తోడు వేసేది మాత్రం వదిన. "నువ్వెయ్యి మే, నా సెయ్యి వణుకుతాది, లెక్క తప్పుతాది" అనేది అవ్వ.

ఇంతలో వదిన వాళ్ళ నాయన సత్యవేడు నుంచి అరటిగెలతో దిగాడు. చెప్పులు విడుస్తూనే మొహం ముడుచుకుని, "పాపని తీసుకోని పోదామని వచ్చినా అత్తా. మీకు దాని సెయ్యి గిట్టలేదంట కదా" అన్నాడు. వంటింట్లో వదిన చేతిలో గరిటె ఆగిపోయింది. నేను తలుపు పట్టుకుని నిలబడ్డాను. అవ్వ ఆయనకు విస్తరేసి, గడ్డపెరుగు వడ్డించి, తినేదాకా ఎదురుగా కూర్చుంది. "ఎట్లుండాది?" అంది. "అమోఘం" అన్నాడాయన. "అది నీ కూతురు తోడేసిందే. పంపేదానికి కుదరదప్పా. ఎండలు రావాల. వచ్చినాక ఇదే గిన్నె ఆ నీళ్ళ కుండల కాడ పెట్టి, ఏ కంబళీ లేకుండా తోడుకుంటాదా లేదా సూడాల. పరీచ్చ సగంలో ఉండాది. అందాకా ఈ పిల్ల ఈడే ఉంటాది" అంది. ఆయనకు ఒక్క ముక్క అర్థం కాలేదు. లోపల వదిన నవ్విందో ఏడ్చిందో నాకూ తెలియలేదు, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఎండాకాలం వచ్చింది, పెరుగు కుండల కాడ కూడా బ్రహ్మాండంగా తోడుకుంది, మధ్యాహ్నానికి పులిసింది. ఎందుకు పులిసిందని అవ్వ ఇంకొకటి మొదలుపెట్టింది. ఆ తర్వాత వదిన పురిటికి పుట్టింటికి పోక తప్పలేదు. అదే గేదె, అదే తోడు, అదే గూడు, చెయ్యి మాత్రం అవ్వది. అవ్వ రెండు ముద్దలు తిని విస్తరి ముందునుంచి లేస్తూ, "ఏమోనమ్మా, ఆ పిల్ల సెయ్యి పడితే ఉండే రుచే వేరు" అంది.

నాకు ఒళ్ళు మండింది. నెలల తరబడి కష్టపడి చెయ్యి కాదని రుజువు చేస్తే, మళ్ళీ చెయ్యి దగ్గరికే వచ్చిందని అవ్వతో పోట్లాడాను. తర్వాత నేనే సైన్సు టీచరునై, ఎందరో పిల్లలకు పాఠం చెప్పి, ఒకటి మార్చి మిగతావి అట్లాగే ఉంచండని గొంతు పోయేట్టు అరిచి, ఇప్పుడు అవ్వ వయసుకు వచ్చాను. అవ్వ లేదు. వదినా పోయి చాలా కాలమైంది. చలికాలంలో నా పెరుగు బాగానే తోడుకుంటుంది, వెచ్చదనం ఎంత ఉండాలో నాకన్నా బాగా ఎవరికి తెలుసు? కానీ మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే, ఇది ఆ పెరుగు కాదు అనుకుంటాను. రుజువు లేని మాట. నా విద్యార్థులెవరైనా రాసి ఉంటే ఎర్రసిరాతో కొట్టేసేదాన్ని. దీన్ని మాత్రం పరీక్షించి చూడాలని నాకెప్పుడూ అనిపించలేదు.