మూల కత్తిరించిన నెగటివ్

1978 జులైలో నన్ను హైదరాబాద్ నుంచి జహీరాబాద్‌కు పంపారు. నేను పనిచేసిన ఫోటో స్టూడియోకు ఉన్న ఒకే ఒక్క శాఖ అది. బొంబాయి రోడ్డు పక్కన కింద ఎరువుల దుకాణం, పైన మా స్టూడియో. నా హోదా రీటచర్. స్టూడియోలో మొదటి స్థానం కెమెరామన్‌ది, రెండోది డార్క్‌రూంలో ఫోటోలు ముద్రించే ప్రింటర్‌ది, మూడోది రీటచర్‌ది. మా కెమెరామన్ విఠల్‌రావు శాఖకు బాధ్యుడు కూడా. హైదరాబాద్‌లో ఉండే యజమానికి బంధువు కావడంతో అందరం ఆయన్ను సేట్ అనేవాళ్లం. ప్రింటర్ ఖాజా భాయ్. మూడోవాణ్ని నేను.

రీటచర్ పనంతా నెగటివ్ మీదే. అందులో నలుపు తెలుపుగా, తెలుపు నలుపుగా కనిపిస్తాయి. ముఖం మీది మచ్చ అక్కడ గాజులా వెలుగు దూరే చిన్న చుక్క. ఆ చుక్కను పెన్సిల్‌తో నింపితే కాగితం మీద ఆ మచ్చ ఉండదు. ఫిల్మ్ నున్నగా ఉండి పెన్సిల్ పట్టదు కాబట్టి, ముందుగా టర్పెంటైన్‌లో గుగ్గిలం కరిగించి దూదితో పల్చగా రుద్దాలి. పెన్సిల్ ములికిని గరుకు కాగితం మీద అరగదీసి సూదిలా చేయాలి. గీత గీసినట్టు తెలియకూడదు. ఒక్క ముఖానికి అరగంట పట్టేది.

పెళ్లి సంబంధాలకు పంపే ఫోటోలకు, గోడకు తగిలించుకునే దంపతుల ఫోటోలకు ఈ సింగారం చేసేవాళ్లం. ఆఫీసు కాగితాలకు అంటించే ఫోటోలకు చేయకూడదు. వెనక తెర మీద దుమ్ము చుక్కలు పడితే నింపడానికి అవి కూడా నా దగ్గరికే వచ్చేవి గానీ, ముఖం ముట్టకూడదు. దానికొక గుర్తు ఉండేది. అలాంటి నెగటివ్ కింది ఎడమ మూలను సేట్ కత్తెరతో కొంచెం కత్తిరించేవాడు. మూల తెగి ఉంటే ముఖం జోలికి పోవద్దని అర్థం. మనిషిని చూసేది సేట్ ఒక్కడే. నా దగ్గరికి వచ్చేది నలుపు తెలుపులు తారుమారైన ముఖం, ఆ మూల. అంతే.

మా తాత క్రైస్తవ సంఘంలో ఉపదేశి, అంటే వాక్యం బోధించేవాడు. నేను ప్రార్థన చేసుకోకుండా పెన్సిల్ పట్టిన రోజు లేదు. పెళ్లి ఫోటో దిద్దడం తల దువ్వడం లాంటిదని నా మనసుకు సర్దిచెప్పుకున్నాను. ఆఫీసు ఫోటో సంగతి వేరు. అది సాక్ష్యం. ఈ మనిషి ఈ మనిషే అని ఆ కాగితం చెప్పాలి. దాని మీద పెన్సిల్ పెట్టడం అబద్ధ సాక్ష్యమని నాకు చిన్నప్పుడే నేర్పిన ఆజ్ఞ చెబుతూనే ఉండేది.

1981 వర్షాకాలంలో నా బల్ల గాజు పగిలింది. రీటచింగ్ బల్ల అంటే ఏటవాలుగా నిలబెట్టిన చెక్క చట్రం. మధ్యలో పాలలాంటి తెల్లని గాజు, దాని కింద ఒక అద్దం. కిటికీ వెలుతురు అద్దం మీద పడి, గాజు గుండా మెత్తగా పైకి వచ్చి, నెగటివ్‌ను వెలిగిస్తుంది. యజమాని ఉత్తరం రాశాడు. ఊరి వడ్రంగితో అలాంటి బల్లే మళ్లీ చేయించడమా, లేక ఏజెంటు తెచ్చే కొత్త కరెంటు మిషన్ కొనడమా, వాడేవాడివి నువ్వే కనుక ఎంపిక నువ్వే చేసి, కారణాలతో రాసి పంపమన్నాడు. మూడో స్థానంలో ఉన్నవాడికి అంత మర్యాద దొరకడం నా ఉద్యోగంలో అదే మొదటిసారి. అది నా తలకెక్కింది.

ఏజెంటు టై కట్టుకుని వచ్చాడు. మిషన్ ఒక పెట్టె. లోపల బల్బు, పైన భూతద్దం, పక్కన చిన్న మోటారు. నెగటివ్‌ను ఇనుప చట్రంలో పెట్టి నాలుగు మూలలూ క్లిప్పులతో బిగించాలి. మోటారు వేస్తే చట్రం సన్నగా వణుకుతుంది. పెన్సిల్‌ను ఊరికే ఆనిస్తే చాలు, ఆ వణుకే మచ్చల్ని నింపేస్తుంది. అరగంట పని ఐదు నిమిషాల్లో అయింది. సేట్ ఆనందానికి హద్దు లేదు. ఏజెంటు వారం రోజుల పరీక్షకని మిషన్ వదిలిపెట్టి వెళ్లాడు.

ఖాజా భాయ్ మాత్రం నేను దిద్దిన ఫోటోలు ఒక్కొక్కటి తొట్టిలోంచి తీసి చూసి పెదవి విరిచాడు. "దేవదానం భాయ్, గీ మిషిన్ల పడ్డోళ్లందరు కోడిగుడ్ల లెక్క ఐతున్రు. గీయన తహసీలాఫీసుల జవాను, గామె గాయన పెండ్లాము. ఇద్దర్కి ఒకటే మొఖం వచ్చింది జూడు."

నేను నవ్వి తర్వాతి నెగటివ్ బిగించాను. మూడో రోజు మధ్యాహ్నానికి పన్నెండు ముఖాలు పూర్తి చేసి, ఆ గర్వంలోనే మిషన్ బాగుంది, కొనవచ్చు అని రిపోర్టు రాసి సంతకం పెట్టి పోస్టు చేశాను. వారం ఆగమని నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. పరీక్ష వారం రోజులని తెలిసే మూడు రోజుల్లో తీర్పు ఇచ్చాను.

ఆ శనివారం పదకొండు గంటలకు సారమ్మ మెట్లెక్కి వచ్చింది. అల్లం చేలల్లో కూలి చేసే మనిషి, ఏడో తరగతి పాసైంది. ప్రభుత్వ దవాఖానలో ఆయా పోస్టుకు ఆమెకు పిలుపు వచ్చింది. సోమవారం ఉదయం సంగారెడ్డిలో ఇంటర్వ్యూ. దరఖాస్తు మీది ఫోటోకు గెజిటెడ్ అధికారి, అంటే సంతకానికి ప్రభుత్వం విలువ ఇచ్చే హోదా ఉన్నవాడు, ఈమె ఈమే అని రాసి ముద్ర వేయాలి. తెలిసినవాడని పశువుల డాక్టరు దగ్గరికి వెళ్లింది. ఆయన దరఖాస్తు చదివాడు. గుర్తింపు చిహ్నాలు: ఎడమ చెంప మీద పుట్టుమచ్చ, ముఖాన మశూచి మచ్చలు. ఫోటో చూశాడు. పుట్టుమచ్చ లేదు, మశూచి మచ్చ ఒక్కటీ లేదు.

"ఏమన్నడో ఎర్కేనా సేట్?" అంది సారమ్మ కౌంటర్ మీద ఫోటోలు పరుస్తూ. "బర్రెకైతె చెవుకు బిళ్ల ఉంటదమ్మ, నిన్నేం జూసి గుర్తు పట్టాలె, గీమె ఎవరో ఏమో, నేను దస్కతు బెట్టనన్నడు. గంత మంది ముంగట. బర్రెలు పట్కొచ్చినోళ్లంత నవ్విన్రు."

సేట్ ఫోటో చేతిలోకి తీసుకుని ఆమె ముఖంతో పోల్చి చూశాడు. తప్పు అప్పుడే అర్థమైంది ఆయనకు. ఆయన కళ్లలో అది నేను చూశాను. అయినా నోట వచ్చిన మాట ఇది: "నీ మొఖం కన్న మంచిగనే తీసినం గదనే. ఇంకేం గావాలె?"

నలభై ఏళ్లు దాటినా ఆ మాట తలుచుకుంటే నా ఒళ్లు మండుతుంది. మనిషిని తన పోలికలో చేసినవాడు ఆ చెంప మీద ఆ చుక్క పెట్టాడు. మశూచి ఆమెను చంపాలని చూసి, చంపలేక వదిలేసిన గుర్తులు అవి. వాటిని తుడిచేసి, తుడిచినందుకు ఆమే సంతోషించాలని ఈయన వాదన. ఆయా పోస్టుకు అందంతో పనేమిటి?

నేను లోపల్నుంచి బయటికి వచ్చాను. ఆమె నన్ను చూసి, "వందనాలు అన్నా. నువ్వు గీడ పన్జేస్తవా?" అంది. అప్పుడు గుర్తుపట్టాను. మా సంఘంలో ఆడవాళ్ల వైపు మూడో వరుసలో చాప మీద కూర్చునే మనిషి. మూడేళ్లుగా ప్రతి ఆదివారం ఆమె వందనం అందుకుని తిరిగి చెప్పినవాణ్ని. ఆమె ముఖం రెండు రోజుల క్రితం ఐదు నిమిషాలు నా భూతద్దం కింద ఉంది. ఎవరిదో నాకు తెలియలేదు. మచ్చలు మాత్రమే కనిపించాయి, నింపేశాను.

లోపలికి వెళ్లి కవరులోంచి నెగటివ్ తీశాను. కింది ఎడమ మూల తెగే ఉంది. సేట్ తన పని తాను సరిగ్గా చేశాడు. దాన్ని మళ్లీ మిషన్ చట్రంలో పెట్టి చూశాను. క్లిప్పు కరెక్టుగా ఆ మూల మీదికి వచ్చి కూర్చుంది. పాత బల్ల మీద నెగటివ్ బట్టబయలుగా ఉండేది. అంచు పట్టుకుని సర్దుతుంటేనే తెగిన మూల వేలికి తగిలేది. ఈ మిషన్ పని వేగం పెంచడానికి మూల మూసేసింది. బిగించే ముందు మూల చూడాల్సింది నేను. పన్నెండు ముఖాల లెక్కలో పడి చూడలేదు.

బయటికి వచ్చి సేట్‌తో సారమ్మ ఎదుటే చెప్పాను, తప్పు నాది, మూల నేను చూడలేదు, గంటలో సరిచేసి ఇస్తాను అని. ఆయనకు కోపం వచ్చింది. గిరాకీ ముందు తప్పు ఒప్పుకోవడం స్టూడియోలో ఎవరూ చేయని పని. నన్ను పక్కకు పిలిచి, "గట్ల ఒప్పుకుంటే రేపట్నుంచి ప్రతోడు ఫోటో పట్కొని వాపస్ వస్తడు. డాక్టర్ సాబే గుర్తు పట్టలేదని చెప్పి పంపియ్. మిషిన్ కొంటమని నువ్వే రాసినవ్ గద, ఇప్పుడు దానికే వంక వెడ్తవా?" అన్నాడు. నేను రాసింది కూడా తప్పేనని చెప్పాను. మళ్లీ ఫోటో తీయమంటే కరెంటు లేదన్నాడు. నిజమే, పది గంటలకు పోయిన కరెంటు రాలేదు. మబ్బు పట్టి ఉంది, లైట్లు లేకుండా తీయనన్నాడు. పశువుల దవాఖాన శనివారం ఒంటిగంటకు మూస్తారు. మరునాడు ఆదివారం. ఒంటిగంట దాటితే ఆ పోస్టు ఆమెది కాదు.

ఈ వృత్తిలో ఒక దయ ఉంది. పెన్సిల్‌తో చేసింది చెరిగిపోతుంది. కత్తితో గీకితే తిరిగి రాదు, కానీ పెన్సిల్ గుగ్గిలం పూత మీదే ఉంటుంది. దూదిని టర్పెంటైన్‌లో ముంచి నెగటివ్ మీద మెల్లగా తిప్పాను. పగిలిన పాత బల్ల కిటికీ దగ్గరే ఉంది. పగులు లేని ముక్క మీద నెగటివ్ ఆనించి చూశాను. ఒక్కొక్క చుక్క తిరిగి వెలిగింది. చివరగా ఎడమ చెంప మీది పుట్టుమచ్చ.

ఖాజా భాయ్ సేట్ వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసి, ఎర్రగాజు లాంతరు వెలిగించుకుని డార్క్‌రూంలోకి దూరాడు. ఫోటోను పెద్దది చేసే యంత్రం కరెంటు లేక పనిచేయదు. నెగటివ్‌లో తల కావలసినంత సైజులోనే ఉంది కనుక, దాన్ని కాగితం మీద నేరుగా ఆనించి, తలుపు సందులోంచి వచ్చే పగటి వెలుతురును ఒక్క క్షణం చూపించాడు. మొదటిది నల్లబడింది. రెండోది తేలిపోయింది. మూడోది కుదిరింది. అదే లెక్కన మరో మూడు తీశాడు. కడిగి, త్వరగా ఆరడానికి స్పిరిట్‌లో ముంచి, తడి పూర్తిగా ఆరకముందే కత్తిరించి నా చేతిలో పెట్టాడు. "తీస్కపో. పాస్టర్ సాబ్ లెక్క నిలవడకు, ఉర్కు."

సారమ్మ ఫోటోను వెలుతురుకు తిప్పి చూసింది. నేను క్షమించమని అడిగాను. "నా మచ్చలు నాకియ్యనీకె గింత పంచాయతి జేసిన్రా అన్నా?" అంది. అందులో కృతజ్ఞత లేదు. ఉండాల్సిన అవసరమూ లేదు.

నేనూ వెంట వెళ్లాను. డాక్టరు చేతులు కడుక్కుని వెళ్లబోతున్నాడు. పొరపాటు స్టూడియోలో నా వల్ల జరిగిందని చెప్పాను. ఆయన ఫోటోను ఆమె చెంప పక్కన పెట్టి చూశాడు, దరఖాస్తు చూశాడు. "గిప్పుడు గీమె గీమెనే" అని ముద్ర వేశాడు. పొద్దున్న అన్న మాటకు మాత్రం ఆమెకు క్షమాపణ చెప్పలేదు. ఆయన గొడుగు తీసుకుని వెళ్లిపోయాడు.

ఆ ఆదివారం సంఘంలో సాక్ష్యం చెప్పే సమయానికి లేచి, జరిగింది జరిగినట్టు చెప్పాను. మూడో వరుసలో సారమ్మ ఉంది. సోమవారం ఆమె సంగారెడ్డి వెళ్లింది, నెల తర్వాత పోస్టు వచ్చింది. సోమవారమే నేను యజమానికి రెండో రిపోర్టు రాశాను. మొదటిది తొందరపాటు, దాన్ని రద్దు చేయాలి. మిషన్ చట్రం నెగటివ్ మూలలను కప్పుతుంది. రీటచర్‌కు ఆగాల్సిన చోటు కనపడదు. కరెంటు పోతే పని లేదు. వడ్రంగి బల్లే కావాలి. సేట్ ఆ రిపోర్టు కింద, ఇతనికి కొత్త పనిముట్లు చేతకావు అని రాసి పంపాడు. యజమాని మిషన్ వాపసు పంపి బల్ల చేయించాడు. సేట్ నాతో మాట్లాడటం మానేసి, 1984లో నేను హైదరాబాద్ తిరిగి వెళ్లేదాకా ఆ పట్టు వదల్లేదు.

ఇప్పుడు కంప్యూటర్ మీద ఫోటోలు దిద్దేవాళ్లు, గీసుకునే పలక ఏది కొనాలని నన్ను అడుగుతుంటారు. ఎంత పెద్దది, కలం ఎంత నాజూకుగా పలుకుతుంది, ఎంత త్వరగా పని అవుతుంది అనే వివరాలన్నీ వాళ్లే చెబుతారు. నాకు తెలిసింది ఒకటే. ఏ పనిముట్టునైనా వారం రోజులు వాడాక గానీ మంచిదని రాయవద్దు. ఆ వారంలో చూడాల్సింది, ముట్టకూడని ముఖం వచ్చినప్పుడు అది నీకు ఆ సంగతి కనపడనిస్తుందా లేదా అన్నది. కనపడనివ్వకపోతే దాన్ని తిరిగి పంపించు.