కోల్డ్ స్టోరేజీకి వెళ్లిన ఉత్తరాలు

పొద్దున మరలో కారం పట్టించుకుని, వెచ్చటి డబ్బా ఒళ్లో పెట్టుకుని ఆటోలో వస్తుంటే వరసగా ఏడు తుమ్ములొచ్చాయి. "ముసురు పట్టింది కదండీ, జలుబు చేసుంటుంది" అని ఆటో అతను జాలిపడ్డాడు. ముసురూ కారం ఘాటూ కలిశాయంటే చాలు, నాకు మా బాబాయి గుర్తొస్తాడు.

బాబాయి గుంటూరులో ఒక మిర్చి ఎగుమతి ఆఫీసులో విదేశీ బేరగాళ్లకి ఇంగ్లీషు ఉత్తరాలు రాసేవాడు. మెయిళ్లొచ్చాక కూడా వాటిని ఉత్తరాలనే అనేవాడు. ఒక్కోటీ రాయడానికి రెండు కాఫీలు పట్టేవి. అదే ఆఫీసులో కంప్యూటర్లు చూసే ఉద్యోగం నాది. అనుభవం తక్కువే గానీ పొగరుకు మాత్రం లోటు లేదు.

ఒక ఏడాది తుఫాను ముందు పెద్ద గొడవైంది. బూజు పట్టిన ఒక మిర్చి లాటును ఓడ ఎక్కించొద్దని చెన్నై ఏజెంటుకి రాయమని ఓనరు గారు బాబాయికి చెప్పారు. లాటు కాస్తా ఓడెక్కి వెళ్లిపోయింది. ఏజెంటేమో తనకు ఏ కబురూ రాలేదన్నాడు. "రాశానండీ" అన్నాడు బాబాయి. "ఏదీ, చూపించండి" అన్నారు ఓనరు గారు. అప్పటికే వానకి కరెంటు పోయింది. మర్నాటికి ఆఫీసులో మోకాటి లోతు నీళ్లు, వాటిలో మా మెయిల్ సర్వరు. ఈ మధ్య బాబాయికి మతిమరుపు ఎక్కువైందని ఆఫీసులో ఎప్పట్నుంచో గుసగుసలున్నాయి. ఆ ఉత్తరం దొరక్కపోతే ఆ మాట నిజమైపోతుంది.

సర్వరు చచ్చింది గానీ దాని డిస్కు బతికింది. దాన్ని తువ్వాలులో చుట్టుకుని బాబాయితో కలిసి పెదకాకాని దగ్గరున్న మా కోల్డ్ స్టోరేజీకి వెళ్లాను. జనరేటరు ఉన్నది అక్కడే. ఆ మధ్యాహ్నం ఇప్పటికీ కలలాగే ఉంటుంది. చాంబరు తలుపు తీసినప్పుడల్లా తెల్లటి పొగమంచు వరండాలోకి పాకి మా కాళ్లు మాయమయ్యేవి. లోపల చీకట్లో బస్తాలు దొంతర్లుగా నిద్రపోతున్నాయి. చలీ ఘాటూ ఒకేసారి ముక్కుకి తగులుతుంటే, బయట వాన ఒక్కటే చప్పుడు. బాబాయి బెంచీ మీద కూర్చుని తన చేతుల వంక చూసుకుంటున్నాడు.

మెయిళ్లన్నీ ఉండే పెద్ద ఫైలును డిస్కులోంచి అక్కడున్న కంప్యూటర్లోకి మార్చాను. తెరుచుకోలేదు. ఇక బలవంతంగా బాగుచేసి తెరవడమే అనుకుని మీట నొక్కబోతుంటే, లారీలు రాక ఊరికే కూర్చున్న హమాలీల మేస్త్రీ టీ గ్లాసుతో వచ్చాడు.

"ఏంటమ్మా, తిరకాసు పెడతందా?"

"పెద్దది వచ్చింది మేస్త్రీ, తెరుచుకోట్లేదు. పాత డిస్కులో దాని పక్కన వందల కొద్దీ చిన్న ఫైళ్లున్నాయి. చెత్తలే అని తేలేదు."

"అదేంటమ్మా! మేం బస్తా చాంబరు మారిస్తే చీటీ కూడా దాంతోనే పోద్ది. చీటీ లేకపోతే అదెవరిదో, ఎప్పుడొచ్చిందో ఎట్టా చెప్తాం?"

నా చెవులు వేడెక్కాయి. ఆ చిన్నవి చెత్త కాదు, చివరి రోజుల రాతకోతలు. పెద్ద ఫైల్లో ఇంకా చేరని మెయిళ్లన్నీ వాటిల్లోనే ఉంటాయి. బలవంతంగా తెరిచుంటే బాబాయి ఉత్తరం నా చేతులతోనే పోయేది! అన్నీ తెచ్చి పక్కన పెట్టేసరికి, ఏమీ ఎరగనట్టు తెరుచుకుంది.

పంపిన మెయిళ్లలో వెతికాను. లేదు. ఇంకా పంపని చిత్తుప్రతుల్లో ఉంది. లాటు నంబరుతో సహా, కామాలూ చుక్కలూ సరిగ్గా పెట్టి, పూర్తిగా రాసిన ఉత్తరం. పంపడం ఒక్కటే మరిచాడు. మూసేసి, దొరకలేదని చెప్పేద్దామా అనుకున్నాను. అప్పటికే బాబాయి నా వెనకే నిలబడి చదువుతున్నాడు.

"రాశాను అమ్మాయ్! చూశావా, రాశాను!" కళ్లనీళ్లు కారిపోతున్నాయి. "రెండు రోజుల్నుంచీ అసలు రాశానా, రాసినట్టు కలగన్నానా అని చచ్చిపోతున్నాననుకో."

అప్పుడే ఓనరు గారికి ఫోన్ చేశాడు. "తప్పు నాదేనండీ, పంపలేదు" అన్నాడు, పరీక్ష పాసైన పిల్లాడంత సంతోషంగా. అవతల ఆయనకేమీ అర్థమై ఉండదు.

రెండేళ్ల తర్వాత ఓ సాయంత్రం బాబాయి నన్ను "ఎవరమ్మాయివి నువ్వు?" అని అడిగాడు. కాలం ఆయన దగ్గర్నుంచి ఒక్కొక్కటే పట్టుకుపోయింది. ఆ వాన మధ్యాహ్నం మాత్రం ఆ కాలమే, ఎందుకో, కాసేపు కోల్డ్ స్టోరేజీ గుమ్మం బయటే నిలబడింది.