డబుల్ స్టాండు మీద దూరప్రయాణాలు

మా బావమరిది కదలని బండి మీద ఊళ్ళు తిరుగుతాడు. ఇది నేను పుట్టించిన మాట కాదు. బాగుకి ఏ మోటారుసైకిలు వచ్చినా సరే, దానికి డబుల్ స్టాండు వేసి, వెనక సీటెక్కి, కళ్ళు మూసుకుని కూర్చుంటాడు. అరగంటకో గంటకో కళ్ళు తెరిచి, బండికి ఎక్కడ ఏం జబ్బు ఉందో చెబుతాడు. ఒకసారి నడిపి చూడొచ్చు కదరా అంటే, నడిపేవాడి ధ్యాసంతా దారి మీదే ఉంటుంది, బండి బాధ వెనక కూర్చున్నవాళ్ళకే తెలుస్తుంది అంటాడు. ఇరవై ఏళ్ళుగా ఇదే వరస.

వీధిలో అందరూ అతన్ని యాత్రికుడు అంటారు. అతని షెడ్డూ, నా లేత్ షాపూ పక్కపక్కనే, మధ్యలో ఒక్క రేకు గోడ. అతను బండ్లు విప్పుతాడు, వాటికి కావలసిన బుష్షులూ రింగులూ నేను లేత్ మీద చేసి ఇస్తాను. వాళ్ళక్కని చేసుకున్నందుకు ఈ చాకిరీ నాకు అదనం.

ఒకసారి ఒక డాక్టరుగారు అర్జెంటని స్కూటరు తెస్తే, వీడు దాని మీదెక్కి నలభై నిమిషాలు రాలేదు. ఆయన పేషెంట్లు ఆయన కోసం, ఆయన వీడి కోసం కాచుక్కూర్చున్నారు. ఇంకోసారి మా ఆవిడ అన్నం చల్లారిపోతోందని షెడ్డు గుమ్మంలో నిలబడి నాలుగు కేకలు వేసింది. వీడు కళ్ళు తెరవకుండానే, "మధ్యలో దిగిపోతే మళ్ళీ ఎలా రానక్కా?" అన్నాడు. ఆవిడ నన్ను తిట్టి వెళ్ళిపోయింది.

నిజం చెప్పాలంటే, మధ్యాహ్నం పూట ఆ షెడ్డులో ఏదో మత్తు ఉంటుంది. పైకప్పు రేకులకున్న మేకు చిల్లుల్లోంచి ఎండ చుక్కలు చుక్కలుగా పడుతుంది. ఆ చుక్కలు బండి మీదుగా మెల్లగా జరుగుతుంటాయి. కొత్త టైర్ల రబ్బరు వాసన, నూనె వాసన, ఎక్కడో దూరంగా ఎవరో సుత్తితో కొడుతున్న చప్పుడు. కాసేపు అలాగే చూస్తూ ఉంటే చుక్కలు ఆగిపోయి బండే జరుగుతున్నట్టు ఉంటుంది. ఈ సంగతి నేను ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

అలాంటి మధ్యాహ్నమే కళ్ళజోళ్ళ షాపాయన తన పాత టూరింగ్ బండిని తోసుకుంటూ వచ్చాడు. అది గుర్రమంత బండి, చక్రాలు మాత్రం సన్నవి, పుల్లల చక్రాలు. కొత్తరకం వెడల్పు చక్రాలూ, బొద్దు టైర్లూ ఆయనే కొని ఆటోలో వేసుకొచ్చాడు. అరవై దాటినాయనకి ఈ షోకేమిటని నేను రేకు గోడ ఇవతల నవ్వుకున్నాను. తరవాత ఆయన చెప్పింది విని నోరు మూసుకున్నాను.

ఏటా ఆయనా ఆయన భార్యా ఆ బండి మీద పది పదిహేను రోజులు తిరిగొచ్చేవాళ్ళట. నాలుగేళ్ళ కిందట క్వారీ మలుపు దగ్గర కంకర మీద బండి జారింది. ఆవిడకి మోచెయ్యి గీరుకుంది, అంతే. కానీ ఆ రోజు నుంచి ఆవిడ బండెక్కలేదు.

"ఈ చక్రాలతోనైనా నమ్మకం కుదురుతుందేమోనని ఆశ. ఈసారీ ఎక్కనంటే బండి ఎవరికైనా ఇచ్చేస్తాను. ఒక్కణ్ణీ ఎక్కడికి పోతాను?" అన్నాడాయన.

పని తేలిక కాదు. వెడల్పు టైరు వెళ్ళి చైనుకి రాసుకుంటోంది. చక్రాన్ని కాస్త పక్కకి జరపాలంటే ఇరుసు మీదకి ఒక ఇనుప రింగు కావాలి. మూడో రోజుకి నేను రింగు చేసి ఇచ్చాను. యాత్రికుడు బిగించాడు, వెనక సీటెక్కి ఎక్కడికో వెళ్ళొచ్చాడు, అర మిల్లీమీటరు తగ్గించమన్నాడు. తగ్గించి ఇంకోటి చేశాను. పావు పెంచమన్నాడు. అలా రోజుకొకటి చొప్పున, మొదటిది కాక మొత్తం నాలుగు నా చేత చేయించాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఇది చాలదన్నట్టు, కొలతకి షాపాయన భార్య కావాలన్నాడు. ముందు చక్రాన్ని రెండు దిమ్మల మధ్య బిగించి బండిని నిటారుగా నిలబెట్టాడు. వెనక మనిషి కూర్చుంటే టైరుకీ మడ్‌గార్డుకీ మధ్య ఎంత సందు మిగులుతుందో చూడాలట. ఆయన్ని మాత్రం బయట స్టూలు మీద కూర్చోబెట్టాడు. మీ బరువు నాకు తెలుసులెండి అన్నాడు.

ఆవిడ వచ్చింది. బండికి రెండు గజాల దూరంలో ఆగిపోయింది. "నేనెందుకయ్యా? ఇసుక మూట పెట్టి కొలుచుకో," అంది.

"మూట మలుపులో బిగుసుకోదమ్మా. మీరు బిగుసుకుంటారు. నాకు ఆ కొలత కావాలి."

మొదటి రోజు ఆవిడ నిమిషం కూర్చుని దిగిపోయింది. వీడు టేపు పట్టుకుని చక్రం పక్కన నేల మీద చతికిలబడ్డాడు. రెండో రోజు కళ్ళు మూసుకుని మొదలెట్టాడు. పెట్రోలు బంకు దాటామట, గాలి చల్లగా ఉందట, ఎదురుగా లారీ వస్తోందట. ఆవిడ ముందు నవ్వింది. మూడో రోజు, లారీవాడు హారను కొట్టాడా అని అడిగింది. నాలుగో రోజు మరీ ఇంత నెమ్మదేమిటని విసుక్కుంది. కానీ క్వారీ మలుపు వచ్చేసరికి ప్రతిసారీ ఆపమనేది. వీడు ఆపేవాడు. ఆవిడ దిగి ఇంటికి నడిచిపోయేది. వీడి పిచ్చి ఈవిడకీ అంటుకుందని నేను మా ఆవిడతో అన్నాను.

అయిదో రోజు మాటలు వినిపించలేదు. రేకు సందులోంచి చూశాను. ఆవిడ కళ్ళు మూసుకుని, ఖాళీగా ఉన్న ముందు సీటు మీద చెయ్యి ఆనించి కూర్చుంది. ఎండ చుక్కలు ఆవిడ భుజం మీదుగా జరిగిపోతున్నాయి.

చాలాసేపటికి, "మలుపు వస్తోందా?" అంది.

"ఎప్పుడో దాటేశామమ్మా. కింద నది కనిపిస్తోంది," అన్నాడు వీడు.

ఆవిడ దిగలేదు. ఇంకో అరగంట అలాగే కూర్చుంది. ఆ తరవాత రెండు రోజులూ అంతే.

ఆ మర్నాడు పొద్దున్నే నిజంగా బండెక్కుతానంది. నేను స్పానరు కోసం వీడి సొరుగు లాగితే, నూనె కాగితంలో చుట్టి నాలుగు రింగులు కనిపించాయి. అవి వాడనే లేదు. బండికి ఉన్నది నేను మూడో రోజు ఇచ్చిన మొదటి రింగే. వీడి సంగతి అక్కడికక్కడే తేల్చుకుందామనుకున్నాను. ఈలోగా వాళ్ళు బయల్దేరారు. క్వారీ మలుపు దాకా వెళ్ళి వెనక్కి రావాలి, కొత్త చక్రాలు కాబట్టి కాస్త తిరిగాక నట్లు మళ్ళీ బిగించాలి. నా స్కూటరు మీద మేమిద్దరం వెంటపడ్డాం.

మలుపు దగ్గర వాళ్ళ బండి ఆగిపోయింది. కంకర ఇప్పటికీ అలాగే పడి ఉంది. అయిపోయింది, ఆవిడ ఆపమని ఉంటుంది అనుకున్నాను. దగ్గరికి వెళ్ళి చూస్తే హ్యాండిలు వదిలేసి కూర్చున్నది ఆయన.

"నా వల్ల కాదు. ఆ రోజు నిన్ను పడేసింది నేనే," అన్నాడాయన.

ఆవిడ ఆయన భుజం మీద చెయ్యి వేసింది. "పోనివ్వండి. ఈ మలుపు నేను మూడుసార్లు దాటాను, ఏమీ కాదు. కంకర మీద బ్రేకు వెయ్యకండి, అంతే."

ఆయన పోనిచ్చాడు. ఆ బొద్దు టైర్లు కంకరని కరకర నములుతూ మలుపు తిరిగి కనుమరుగయ్యాయి.

అక్కడే ఒక బండరాయి మీద కూర్చున్నాం. నాలుగు రింగులు ఉత్తినే ఎందుకు చేయించావురా అని నిలదీశాను. పని అయిపోయిందని తెలిస్తే బండి తీసుకుపోతారు కదా అన్నాడు. ఆ ముక్క నాకు చెబితే ఏం పోయిందన్నాను.

"నీకు చెబితే అక్కకి తెలుస్తుంది. అక్కకి తెలిస్తే ఆ కళ్ళజోళ్ళ షాపావిడకి తెలియకుండా ఉంటుందా బావా?"

నా నోట్లో నువ్వుగింజ నానదు, ఒప్పుకుంటాను. అయినా పెద్ద బావనన్న గౌరవం ఉండక్కర్లేదా? గంట గడిచింది. రెండు గంటలు గడిచాయి. స్పానరు చేతిలో వేడెక్కింది. వీడు రాయికి ఆనుకుని కళ్ళు మూసుకున్నాడు.

మిట్టమధ్యాహ్నం ఆవిడ ఫోను చేసింది. నట్లు బిగించాలన్నారు కదా, దారిలో ఎవరో మెకానిక్కు చేత బిగించుకున్నాం, మీరు ఇంటికి వెళ్ళిపోండి అంది. ఇప్పుడు ఎక్కడున్నారమ్మా అని అడిగాను.

ఆ ఊరి పేరేమిటో తెలియదట. ఆయన ఆగి ఎవరినైనా అడుగుదామంటే ఈవిడే వద్దందట.