నాయన చెప్పిన ఆవులు

కుప్పంలో డిగ్రీ చదివేటప్పుడు కంప్యూటరంటే నాకు ఒళ్ళుమంట. అలాంటిదాన్ని, పెళ్ళయి మదనపల్లెలో కాపురం పెట్టాక, పిల్లల్ని బడికి పంపి, పాత పుస్తకాల అంగట్లో కొన్న రెండు లావుపాటి పుస్తకాలు ముందేసుకుని పైథాన్ అనే కంప్యూటర్ భాష నేర్చుకున్నాను. ఒకటి ఆ భాష నేర్పేది, రెండోది వివరాలు పట్టికల్లో దాచే డేటాబేస్ గురించి. ఆ పుస్తకాలే నాకు అయ్యవార్లు.

ఊరికే నేర్చుకోలేదు. పుంగనూరు పక్క పల్లెలో ఉండే మా నాయనకు మతిమరుపు మొదలైంది. అది తగ్గేది కాదన్నాడు డాక్టరు. మా పొట్టి ఆవుల వంశమంతా నాయన తలకాయలోనే ఉంది. ఏది దేని కడుపున పుట్టిందో, ఏది ఏ కరువులో మేత లేక చచ్చిందో తాతల కాలం నుంచీ నోటికే చెప్పేవాడు. ఆయన మరిచిపోయేలోగా అదంతా దాచిపెట్టాలని నా తపన.

ఆదివారాలు లాప్‌టాప్‌తో బస్సెక్కేదాన్ని. కొట్టం ముందర మంచమ్మీద కూర్చుని ఆయన చెప్తుంటే నేను టైపు కొట్టేదాన్ని.

“కాగితంలో గూడా రాసుకోమ్మా” అన్నాడు మొదటిరోజే.

“కాగితం యాల నాయనా? చెదలు తింటాది. ఇది పోదు.”

ఎంత పొగరో నాకు!

మా ఇంట్లో ఒక రివాజు ఉంది. తల్లి ఆవు పోతే దాని పేరు కూతురికి పెడతారు. బుడ్డి అనే ఆవు పోతే దాని దూడ బుడ్డి అవుతుంది. నేనేమో డేటాబేస్ పట్టికలో ఒక్కో ఆవుకు ఒక్కో వరుస ఇచ్చి, ఏ ఆవు ఏదో తెలియడానికి పేరునే గుర్తుగా పెట్టాను. రెండో బుడ్డిని ఎక్కించగానే, ఈ పేరు ముందే ఉందంటూ ఎర్రక్షరాలు వచ్చాయి. పుస్తకం తిరగేస్తే ‘రీప్లేస్’ అనే మాట కనబడింది. అది పెట్టగానే ఎర్రక్షరాలు మాయం. నా అంత మొనగత్తె లేదనుకున్నాను. ఆ మాట పాత వరుసను తుడిచేసి అక్కడే కొత్తది రాస్తుందని కింది పేరాలోనే ఉంది. పేరును గుర్తుగా వాడొద్దని అంతకుముందు అధ్యాయమంతా మొత్తుకుంది. చదివితేగా! దూడను ఎక్కించిన ప్రతిసారీ దాని తల్లిని నా చేత్తోనే చెరిపేశాను. చివర ఎక్కించినది కనబడితే చాలనుకుని మూసేసేదాన్ని.

ఆర్నెల్లకు నాయన మాటలు తడబడసాగాయి. ఒక ఆదివారం, “అంతా ఒకసారి సదువమ్మా, ఇందాం” అన్నాడు. మొత్తం తెరిచాను. తొమ్మిది వరుసలు. తొమ్మిదే! అన్నీ అప్పుడు కొట్టంలో కట్టేసి ఉన్న ఆవులే. ఇదంతా ఆ ‘రీప్లేస్’ పనేనని అప్పుడు తెలిసింది. ఆ తొమ్మిదీ చదివాను.

“అంతేనా? మా అవ్వ పుట్టింటి నుంచి తోలకొచ్చినాదే, ఆ బుడ్డి?”

“దాని సంగతి మళ్ళీ సెప్పు నాయనా.”

గుర్తు తెచ్చుకోవాలని చూశాడు.

“ఏందోమ్మా. అన్నీ నీకు సెప్పినాననుకుంటి. సెప్పనే లేదేమో. నాకే మతి పోతాండాది” అని అరచేత్తో నుదురు కొట్టుకున్నాడు.

చెప్పావు నాయనా, నేనే పోగొట్టాను అనాల్సింది. సిగ్గేసింది. “పోనీలే నాయనా” అన్నాను. పోనీలే అట! ఆ చలికాలంలోనే ఆయన కన్నుమూశాడు. తప్పు తనదేననుకుని పోయాడు.