వదిన కిటికీ కింద బాల్సం పూలు

మా వదిన కుట్టుమిషను కిటికీ పక్కనే ఉంటుంది. కిటికీ బయట రెండు మేడల మధ్య ఇరుకు సందు. ఎండ పొరపాటున కూడా తొంగిచూడదు. అక్కడ చెత్త డ్రమ్ములు పెట్టిస్తానన్నాడు మా అపార్ట్‌మెంటు ప్రెసిడెంటు. డ్రమ్ములొస్తే కంపుకి కిటికీ మూయాలి, మూస్తే ఉన్న కాస్త వెలుతురూ పోయి దారం రంగు కనపడదు. వదిన కుట్టుపని అక్కడితో సరి.

"మూడు నెలలు ఆగండి. అక్కడ పూలు పూయిస్తా," అంది వదిన.

"ఈ చీకటికొట్టులోనా తల్లీ?" అని పగలబడి నవ్వి, సరేనన్నాడాయన. నేనూ నవ్వాను. ఆడపడుచుని, నాకా మాత్రం హక్కుంది.

వదిన పాత రంగుడబ్బాల అడుగున చిల్లులు పొడిచి, నీడలో పూసే బాల్సం మొక్కలు నాటింది. మొగ్గ వేయగానే కత్తెర పట్టుకుని కొసలన్నీ కత్తిరించేసింది!

"మతిగాని పోయిందా వదినా?"

"కొస తీస్తేనే గుబురెక్కుతుంది. నీ నోటికీ ఓసారి కత్తెర పడాలి."

నిజంగానే గుబురెక్కాయి, విరగబూశాయి. గడువు రోజు పొద్దున వదిన బజారుకెళ్లగానే నాకు లేనిపోని ప్రేమ పుట్టుకొచ్చింది. పాపం, కాస్త ఎండ తగిలితే ఇంకా కళకళలాడతాయని ఇరవై డబ్బాలూ డాబా మీదికి మోశాను. మధ్యాహ్నం వెళ్లి చూద్దును కదా, అన్నీ ఉడికిన ఆకుకూరలా వాలిపోయాయి.

వదిన రాగానే భోరుమన్నాను. "నీ కష్టమంతా నా చేత్తో బూడిదలో పోశాను వదినా!"

"ఏడుపు తర్వాత. ముందు కిందికి దించు," అంది. అన్నిటినీ నీడకి చేర్చి, డబ్బా అడుగు నుంచి కారేదాకా నీళ్లు పోసింది. "ఇవీ నీలాంటివే. అలకా తొందరే, అలక తీరడమూ తొందరే."

సాయంత్రం ప్రెసిడెంటు వచ్చేసరికి ఒక్కొక్క కాడా నిటారుగా నిలబడింది. ఎరుపు, గులాబీ, నారింజ, తెలుపు! సందంతా వెలిగిపోతోంది. ఆయన వంగి ఒక పండిన కాయని ముట్టుకున్నాడు. అది టప్పున పేలి గింజలు కళ్లజోడు మీద పడ్డాయి. "అమ్మో!" అని ఒక్క గెంతు గెంతాడు.

"మరి డ్రమ్ములు?" అంది వదిన.

"ఏ గేటు దగ్గరో పెట్టిద్దాంలే తల్లీ. మా కిటికీ కిందా ఇంతే చీకటి... నాలుగు మొక్కలిస్తావా?"

"ఇస్తాను. మా ఆడపడుచు మోసుకొస్తుంది. దానికి డబ్బాలు మోయడం బాగా అలవాటు."

ఆనందం పట్టలేక వదినని గట్టిగా వాటేసుకున్నాను. ఆ కిటికీ మూయాల్సిన పనే పడలేదు.