తుండు కింద మాట

ఆయన పేరెత్తితే ఈ రోజుకీ నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

మదనపల్లె కోర్టులో ఏళ్ల తరబడి పొలం గట్ల తగాదాలు వాదించినదాన్ని. ఆయన నా కక్షిదారు. టమాటాలు దాచే కోల్డ్ స్టోరేజీల మీద బాగా సంపాదించి, కుప్పం అవతల ఉన్న ఒక స్టోరేజీని ఐస్ హాకీ మైదానంగా మార్చాడు. ప్రొఫెషనల్ లీగ్‌లో ఆడపిల్లల జట్టు కొన్నాడు. ఒప్పందాలు చూసుకోవడానికి నమ్మకమైన మనిషి కావాలన్నాడు. నల్ల కోటు విప్పేసి జనరల్ మేనేజర్‌నయ్యాను.

"టమాటాలు పండే ఊళ్లో ఐసు మీద ఆటేందమ్మా? ఎండకి బుర్ర చెడిందా?" అని బార్ రూములో నవ్వారు. నవ్వనీ అనుకున్నాను. పిల్లలు మంచు మీద దూసుకుపోతుంటే, చలికి ముక్కు కారుతున్నా కదలకుండా చూసేదాన్ని. అంత నచ్చింది నాకా పని.

మా గోల్‌కీపర్‌ది పుంగనూరు పక్క పల్లె. కుప్పంలో చదువుకుంటూ చక్రాల బూట్ల మీద ఆట నేర్చింది. వాళ్ల నాన్న పశువులు మేపి సంతలో అమ్మే మనిషి. ఒప్పందం రోజు ఆయన కాగితం వైపు చూడనే లేదు. భుజం మీది తుండు తీసి నా చేతికిచ్చాడు.

"నువ్వు పట్టమ్మా. మాట మేం అనుకుంటాం."

పుంగనూరు సంతలో బేరం అట్లాగే జరుగుతుంది. కొనేవాడు, అమ్మేవాడు తుండు కింద చేతులు కలుపుతారు. మధ్యవర్తి తుండు పట్టుకుంటాడు. తర్వాత ఎవరైనా మాట తప్పితే నిలదీసేది మధ్యవర్తినే. కూతురి ఉద్యోగానికి సంత పద్ధతి తెచ్చాడే అని నాకు నవ్వొచ్చింది. ఓనరుకు మాత్రం మంచి ఫోటో కనిపించింది. వెంటనే తుండు కింద చేయి పెట్టాడు.

"నా బిడ్డకి ఆటలో దెబ్బ తగిల్తే, మళ్లా లేసి ఆడేదాకా నువ్వే సూసుకోవల్ల," అన్నాడు తండ్రి.

"అట్లేనప్పా. నా బిడ్డే అనుకుంటా."

ఆ మాట ఒప్పందంలో కూడా రాద్దామన్నాను. "మాటిచ్చినాం కదమ్మా, మళ్లా రాసేదేముండాది?" అన్నాడు ఓనరు. ఫోటో పేపర్లో పడింది.

సీజన్ మధ్యలో పిల్ల మోకాలు తిరిగిపోయింది. ఆపరేషన్ చేయకపోతే ఆట సంగతి దేవుడెరుగు, మెట్లెక్కడం కూడా కష్టమన్నాడు డాక్టరు. ఓనరు నన్ను పిలిచి ఒక కాగితం ముందుకు తోశాడు. పిల్ల తనంతట తానే జట్టు వదిలిపోతున్నట్టు అందులో ఉంది.

"సంతకం పెట్టించుకుని రా. నువ్వు చెప్తే వింటారు. ఐసు మీద పడేవాళ్ల కాళ్లకంతా నేనే కట్టు కట్టల్నా?"

కొత్త గోల్‌కీపర్ అప్పటికే మైదానంలో ఉంది. ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్లను చూశాను గానీ, ఈ మహానుభావుడు ఏటి నడుమే తగలేశాడు. పిల్లను హెచ్చరించి రావాలని పుంగనూరు బస్సెక్కాను.

పిల్ల గడపలో కాలు చాపుకుని కూర్చుంది. తండ్రి కొట్టంలో పాలు పితుకుతున్నాడు. నన్ను చూసి లేవలేదు.

"అప్పా, ఎవరొచ్చినా దేనిమీదా సంతకం పెట్టొద్దు," అన్నాను.

"పెట్టంలే. ఆపొద్దు తుండు పట్టిందెవురమ్మా?"

"నేనే."

"ఆయప్ప మాట తప్పినాడు. మా సంతలో అయితే నిన్నే కదా అడిగేది. అడుగుతాండా. నా బిడ్డ కాలికి యెవురు జవాబు?"

నాకు ఒళ్లు మండింది. నేను జీతానికున్న మనిషిని, నన్నంటాడేమిటి! తిరుగు బస్సులో పలమనేరు దాటేదాకా ఆయన్నే తిట్టుకున్నాను. కానీ ఎంత తిట్టుకున్నా ఆయన అడిగినదాంట్లో తప్పు దొరకలేదు. అప్పుడు నా కోపం పోవాల్సిన చోటికి పోయింది.

ఓనరు ఎదుటే ఆ కాగితం చించి పారేశాను.

"సిగ్గుండాలి సార్. మాటిచ్చారు. నిలబెట్టుకోండి."

నవ్వాడు. "తుండుగుడ్డ చూపించి కేసు గెలుస్తావా? పో, ఆ కోటు మళ్లా తొడుక్కో. సూస్తా."

తెలిసే అన్నాడు ఆ మాట. సాక్షిగా నిలబడే వకీలు ఆ కేసు వాదించకూడదు. ఆ రోజు తుండు దగ్గర ఆ మాట విన్న మూడో మనిషిని నేనొక్కదాన్నే. ఉద్యోగం ఎటూ పోయింది. ఈ కేసుకు కోటు కూడా దక్కలేదు. నా జూనియర్ చేత పుంగనూరు కోర్టులో కేసు వేయించాను.

మొన్న నన్ను బోనెక్కించారు. ఎంతమందిని అందులో నిలబెట్టి చెమటలు పట్టించానో! నాకూ పట్టాయి. ఓనరు ముందు బెంచీలో కూర్చుని ఫోను చూసుకుంటున్నాడు. వెనక పిల్ల, చేతికర్ర ఒళ్లో పెట్టుకుని ఉంది. గుమస్తా పేరడిగాడు, ఊరడిగాడు. చెప్పాను.

"వృత్తి?"

"తుండు పట్టినదాన్ని."

తలెత్తాడు. "అదేం వృత్తి, అమ్మా?"

"పుంగనూరులో కూర్చుని ఆ మాట అడుగుతారా? రాయండి," అన్నాను.